శ్రీలంకలో ఆత్మహత్యలు ఎలా తగ్గాయి, అక్కడ సాయం ఎలా దొరుకుతుంది: తరచుగా అడిగే ప్రశ్నలు

ముందు ఒక మాట

ఇది చదువుతున్న మీకే ఇప్పుడు చచ్చిపోవాలనిపిస్తుంటే మిగతాదంతా తర్వాత చదువుకోవచ్చు. ఇండియాలో ఉంటే 14416 కి చేయండి, అది టెలి మానస్, ప్రభుత్వానిది, రాత్రీ పగలూ ఉంటుంది, డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడొచ్చు. శ్రీలంకలో ఉంటే 1926. ఇప్పటికే ఒంటికి ఏదైనా చేసుకుని ఉంటే మాటలతో ఆలస్యం చేయకండి, ఇక్కడ 108, అక్కడ 1990, అంబులెన్సు వస్తుంది. ఫోన్ చేసే ఓపిక లేకపోతే పక్క గదిలో ఉన్నవాళ్లని కేకేయండి. ఏం చెప్పాలో తెలియక్కర్లేదు, "నాకు బాగాలేదు, నన్ను ఒంటరిగా వదలొద్దు" అంటే చాలు.

మన గొడవలు మనకుండగా శ్రీలంక సంగతి ఎందుకు?

ఎందుకంటే వాళ్ల కష్టాల్లో మనకు కొత్తది ఒక్కటీ లేదు. వరి, మిరప, అప్పు, నాటుసారా, అత్తింటి గొడవ, పరీక్షలు, పరువు, ఇంట్లో మూలన పెట్టిన పురుగుల మందు డబ్బా, అన్నీ తెలిసినవే. దేశం చిన్నది, 65,610 చదరపు కిలోమీటర్లు, అంటే ఆంధ్రప్రదేశ్‌లో సగం కూడా ఉండదు, జనం రెండు కోట్ల పైచిలుకు. 1995లో అక్కడ లక్ష మందికి దాదాపు 47 మంది ఆత్మహత్యతో పోయేవారు. ప్రపంచంలోనే అతి ఎక్కువ రేట్లలో అదొకటి. ఇరవై ఏళ్లు తిరిగేసరికి అది 14, 15 దగ్గరికి దిగింది. మధ్యలో యుద్ధం ఉంది, సునామీ ఉంది, పెద్దగా డబ్బున్న దేశం కూడా కాదు. ఎలా చేశారో తెలుసుకోవడానికి ఇంతకన్నా కారణం కావాలా?

అసలు అంతగా ఎందుకు పెరిగాయి?

1950లో అక్కడ లక్షకు ఆరేడుగురే. ఆ తర్వాత హరిత విప్లవం వచ్చింది, కొత్త వంగడాలు వచ్చాయి, వాటితోపాటు ఘాటైన పురుగుల మందులు ఇంటింటికీ చేరాయి. అనురాధపుర, పొలొన్నరువ లాంటి వ్యవసాయ జిల్లాల్లో మరీ ఎక్కువ. మనుషులు ఉన్నట్టుండి పిరికివాళ్లైపోయారనో, కుటుంబాలు చెడిపోయాయనో అప్పట్లో చాలామంది రాశారు. మొగుడూ పెళ్లాల తగువులు, తండ్రీ కొడుకుల పంతాలు అంతకుముందు లేవా? ఉన్నాయి. అదే కోపం, అదే అవమానం, కాకపోతే ఆ ఘడియలో చేతికందేది మారింది. ముందు తరంలో కోపంలో చేసిన పని మర్నాడు తలచుకుని సిగ్గుపడే పనిగా మిగిలేది, 1980ల నాటికి అదే పని పంచనామాతో ముగిసేది.

మరి ఎలా తగ్గించారు?

ఒక్క దెబ్బకు కాదు, విడతలు విడతలుగా. 1980లో పురుగుమందుల నియంత్రణ చట్టం తెచ్చారు, దాని కింద రిజిస్ట్రార్ అని ఒక అధికారిని పెట్టారు, ఏ మందు దేశంలోకి రావాలో ఏది రాకూడదో తేల్చే అధికారం ఆయనది. 1984లో రెండు మందులు పోయాయి. 1995 నాటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ అతి ప్రమాదకరం అని మొదటి తరగతిలో పెట్టినవన్నీ ఆపేశారు. 1998లో ఇంకొకటి. 2008 నుంచి 2011 మధ్య మరో మూడు. పేర్లు కావాలని రాయడం లేదు, ఈ పేజీకి వాటితో పనిలేదు.

ఈ లెక్కలు ఊరికే కుదరలేదు. 1988లో కొలంబోలో జాతీయ విష సమాచార కేంద్రం మొదలైంది, దాన్ని నెలకొల్పిన ప్రొఫెసర్ రవీంద్ర ఫెర్నాండో లాంటివాళ్లు ఎవరు దేనివల్ల పోతున్నారో లెక్కకట్టి ప్రభుత్వం ముందు పెడుతూ వచ్చారు. గామిణి మనువీర రిజిస్ట్రార్‌గా పనిచేసిన రోజుల్లో ఆ లెక్కలకూ నిషేధాలకూ లంకె కుదిరింది. 1997లో అధ్యక్షుడి స్థాయిలో ఆత్మహత్యల నివారణకు ఒక సంఘం వేశారు. ఆసుపత్రిలో డాక్టరు రాసిన కేస్‌షీటు వ్యవసాయ శాఖ ఆఫీసరు బల్ల మీదికి చేరడం, ఆయన దాన్ని చదవడం, చదివి సంతకం పెట్టడం, మన ఆఫీసుల సంగతి తెలిసినవాళ్లకి ఇందులో గొప్పతనమేంటో నేను చెప్పక్కర్లేదు.

1995 నుంచి 2015 దాకా ఈ నిషేధాల వల్ల సుమారు 93,000 ప్రాణాలు మిగిలాయని పరిశోధకుల అంచనా. ప్రభుత్వానికి నేరుగా అయిన ఖర్చు ఒక్కో ప్రాణానికి యాభై డాలర్ల లోపే.

చావాలనుకున్నవాడు ఇంకో దారి వెతుక్కోడా?

అందరూ అడిగేది ఇదే, నాకు చిరాకు తెప్పించేదీ ఇదే, ఎందుకంటే ఈ మాట అనేసి చేతులు దులుపుకోవడం చాలా తేలిక. ఇంకో దారి వెతుక్కుని ఉంటే శ్రీలంకలో మొత్తం రేటు తగ్గకూడదు కదా, మందు వల్ల పోయేవాళ్లు తగ్గి ఇంకో రకంగా పోయేవాళ్లు అంతకంత పెరగాలి. అలా జరగలేదు, మొత్తమే పడిపోయింది. ఇక్కడో సంగతి జాగ్రత్తగా గమనించాలి. ఆ ఏళ్లలో విషం తీసుకుని ఆసుపత్రికొచ్చినవాళ్ల సంఖ్య తగ్గలేదు. ప్రయత్నాలు ఆగలేదు, చావులు ఆగాయి. తక్కువ ప్రమాదమున్నది చేతికందింది కాబట్టి ఆసుపత్రికి చేరేదాకా ప్రాణం నిలిచింది, డాక్టరుకు వైద్యం చేసే వ్యవధి దొరికింది. వైద్యం మెరుగుపడిన మాటా నిజమే, కానీ నిషేధం పడిన ఏళ్ల వెంటనే కిందికి దిగిన ఆ గీతను వైద్యం ఒక్కటే గీయలేదు.

శ్రీలంక పల్లెల్లో బతికి బయటపడ్డవాళ్లని పరిశోధకులు అడిగారు, ఎంతసేపు ఆలోచించారని. సగానికి పైగా అరగంట లోపే అన్నారు. అరగంట! మన ఇళ్లలో "మందు తాగి చస్తా" అని గుమ్మం దాటి, పొలం గట్టు మీద కాసేపు కూర్చుని, చీకటి పడ్డాక అన్నానికి వచ్చేసినవాళ్లు ఎంతమంది లేరు? వాళ్లకీ పోయినవాళ్లకీ మధ్య తేడా గుండె ధైర్యంలో లేదు, ఆ కాసేపట్లో దగ్గర్లో ఏముందన్న దాంట్లో ఉంది.

అయితే రైతు నష్టపోలేదా? 2021లో శ్రీలంక పంటలు ఎండిపోయాయిగా?

రెండూ వేరు వేరు, దయచేసి కలపకండి. 2021లో జరిగింది రాత్రికి రాత్రే రసాయన ఎరువులు, మందులు అన్నిటినీ ఆపేయడం. దిగుబడి పడిపోయింది, రైతులు రోడ్డెక్కారు, ఆ ఏడాది నవంబరుకే ప్రభుత్వం వెనక్కి తగ్గింది. 1984 నుంచి 2011 దాకా చేసింది అలా కాదు, మనిషిని చంపే కొన్నిటిని ఏరి, వాటి బదులు పనిచేసేవి బజార్లో ఉన్నాయో లేదో చూసుకుని, మెల్లగా తీసేశారు. ఆ నిషేధాల వల్ల వరి దిగుబడి పడిందా అని లెక్క తీశారు కూడా, పడలేదు. పురుగు చావాలి, మనిషి బతకాలి, దానికి సరిపడే మందులు వేరే ఉన్నాయి.

నిషేధాలు మన చేతిలో పని కాదు. డబ్బా పెట్టెలో పెట్టి తాళం వేస్తే సరిపోదా?

సరిపోతుందనే చాలామంది అనుకున్నారు, వినడానికీ బాగుంది. అనురాధపుర జిల్లాలో 180 ఊళ్లలో, యాభై మూడు వేల పైచిలుకు ఇళ్లతో పెద్ద పరీక్ష పెట్టారు, సగం ఊళ్లలో ఇంటింటికీ తాళం పెట్టె ఇచ్చి మిగతా సగాన్ని అలాగే ఉంచి చూశారు. 2017లో ఫలితం వచ్చింది: తేడా కనబడలేదు. తాళంచెవి ఇంట్లోవాళ్ల దగ్గరే ఉంటుంది కదా. ఇలాంటి పెట్టెలు పంచి ఫొటోలు దిగడం కంపెనీలకు ఇష్టం, ఎందుకంటే పెట్టె ఇస్తే సరుకు ఆపక్కర్లేదు.

అంటే కౌన్సెలింగ్, డాక్టర్లు, ఇవేవీ అక్కర్లేదంటారా?

అలా అంటే చెంపలేసుకోవాలి. పైన చెప్పింది మళ్లీ చూడండి, చావులు తగ్గాయి, ప్రయత్నాలు ఆగలేదు. అంటే ఏటేటా ఎన్నో వేల మంది ఆసుపత్రి మంచం మీద కళ్లు తెరుస్తున్నారు. వాళ్లని బతికించింది నిషేధం, ఆ తర్వాత వాళ్లు ఎలా బతకాలో నిషేధం చెప్పదు. ఇంకా ఏడాదికి సుమారు మూడు వేల మంది పోతూనే ఉన్నారు. ఇక ఈ పేజీలో మిగతాదంతా ఆ రెండో సగం గురించే.

ప్రయత్నించి బతికితే శ్రీలంకలో కేసు పెడతారా?

పెట్టరు. 1998లోనే ఆ నేరాన్ని చట్టంలోంచి తీసేశారు. మన దగ్గర ఇది చాలా ఏళ్లు సాగింది, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ "తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారనే అనుకోవాలి, శిక్షించకూడదు" అన్నది, 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరమన్న పాత శిక్షాస్మృతి 309 సెక్షన్ లేనే లేదు. ఒక్క మినహాయింపు, ప్రభుత్వ ఉద్యోగిని బెదిరించి పని ఆపించడానికో చేయించడానికో చేస్తే అది వేరే సంగతి.

చట్టం మారినా భయం మారలేదు. క్యాజువాలిటీలో "ఎమ్మెల్సీ రాయాలి" అనగానే, అంటే మెడికో లీగల్ కేసుగా నమోదు చేయాలనగానే, ఇంట్లోవాళ్ల మొహం మారిపోతుంది, వెంటనే "పొరపాటున తాగాడండీ, దగ్గు మందనుకున్నాడు" అనేస్తారు. డాక్టరుకీ తెలుసు అబద్ధమని, రాసుకుంటాడు. పొరపాటని రాశాక సైకియాట్రిస్టుని ఎందుకు పిలుస్తారు? మూడో రోజు డిశ్చార్జి చేసి అదే ఇంటికి, అదే గొడవలోకి పంపిస్తారు. నిజం చెప్పండి. శిక్ష లేదు.

1926 కి ఫోన్ చేస్తే ఎవరు ఎత్తుతారు?

కొలంబో పక్కన అంగొడలో ఉన్న జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ వాళ్లు. రోజంతా పనిచేస్తుంది, ఉచితం, సింహళం, తమిళం, ఇంగ్లీషు మూడూ నడుస్తాయి. అది కాక 1333 అని ఇంకో నంబరుంది, స్వచ్ఛంద సంస్థది, అదీ ఉచితమే. పిల్లల కోసం 1929, ఆడవాళ్ల కోసం 1938 వేరే ఉన్నాయి. పేరు చెప్పడం ఇష్టం లేకపోతే చెప్పకుండానే మాట్లాడొచ్చు.

అంగొడ పేరు వినగానే అక్కడివాళ్లు నవ్వుతారు, మనవాళ్లు "ఎర్రగడ్డకు పంపాలి" అంటారే అచ్చం అలాగే. ఆసుపత్రి పేరు ఊరి పేరై, ఊరి పేరు తిట్టైపోయింది. ఈ తిట్టు వల్ల జరిగే నష్టం చిన్నది కాదు, నిద్రపట్టక, ఏడుపాగక, పని చేయలేక నెలల తరబడి కుంగిపోయిన మనిషి కూడా "నేనేం పిచ్చోణ్నా" అని గడప తొక్కడు.

సుమిత్రయో అంటే ఏంటి?

1974లో కొలంబోలో మొదలైన స్వచ్ఛంద సంస్థ. దేశమంతా శాఖలున్నాయి. శిక్షణ పొందిన మామూలు మనుషులు, టీచర్లు, రిటైరైనవాళ్లు, గృహిణులు కూర్చుని మీ మాట వింటారు. సలహాలివ్వరు, మతం ఎత్తరు, మీ మాట బయటికి పోదు. డాక్టర్లు కారు, మాత్రలు రాయరు. ఊరికే వింటే ఏమొస్తుందని అడిగేవాళ్లకు నా జవాబు ఒకటే, ఎదుటివాడు మధ్యలో దూరకుండా ఊ కొడుతూ మీ మాట పది నిమిషాలు విన్న రోజు ఏదో గుర్తు చేసుకోండి. గుర్తుకు రావడానికి టైము పడుతుంది.

పల్లెటూళ్లో ఉంటే కొలంబో దాకా వెళ్లాలా?

ఒకప్పుడు అంతే. మానసిక వైద్యమంటే కొలంబో, ఆ చుట్టుపక్కల పెద్దాసుపత్రులే. 2004 డిసెంబరు సునామీ ఆ పరిస్థితిని మార్చింది. ఆ ఒక్క రోజున ముప్ఫై వేలకు పైగా మనుషులు పోయారు, పిల్లల్ని పోగొట్టుకున్న తల్లులు, తండ్రులు వేలల్లో మిగిలారు, వాళ్లందరినీ కొలంబోకి తీసుకెళ్లడం జరిగే పని కాదని ప్రభుత్వానికి అప్పుడు అర్థమైంది. 2005లో కొత్త మానసిక ఆరోగ్య విధానం రాసుకున్నారు. సైకియాట్రిస్టులు సరిపడా లేరు కాబట్టి మామూలు డాక్టర్లకే అదనపు శిక్షణ ఇచ్చి జిల్లాలకు పంపారు, ఇంటింటికీ తిరిగే నర్సుల్ని పెట్టారు. సునామీకి ముందు 27 ఆరోగ్య జిల్లాల్లో పదింటిలోనే ఈ సేవలుండేవి, 2013 నాటికి ఇరవైకి పెరిగాయి. విదేశాల నుంచి వచ్చిన సాయం డబ్బుని గుడారాల మీదే ఖర్చు పెట్టకుండా ఇలా నిలబడే పని మీద పెట్టడం నాకు బాగా నచ్చిన సంగతి.

ఇప్పుడేం అంతా బాగుందని కాదు. 2022లో దేశం దివాలా తీసినప్పుడు మందుల కొరత వచ్చింది, డాక్టర్లు చాలామంది విదేశాలకు వెళ్లిపోయారు. పాత చట్టం సంగతి చెప్పనే అక్కర్లేదు, మానసిక రోగులకు సంబంధించిన ఆర్డినెన్సు 1873 నాటిది, బ్రిటిష్‌వాళ్ల కాలందే ఇప్పటికీ లాగిస్తున్నారు.

ప్రభుత్వ ఆసుపత్రిలో వైద్యానికి డబ్బు కట్టక్కర్లేదు. ముందు దగ్గరున్న ఆసుపత్రి ఓపీకి వెళ్లి విషయం చెప్తే అక్కణ్నుంచి పంపిస్తారు.

ఉత్తరాన తమిళుల సంగతి?

2009 మే దాకా యుద్ధం నడిచిన ప్రాంతం. కనబడకుండా పోయిన కొడుకు కోసం ఇంకా ఫొటో పట్టుకుని కూర్చునే తల్లులున్న చోట "డిప్రెషన్ చెక్‌లిస్టు" ఇచ్చి టిక్కులు పెట్టమంటే కుదరదు. జాఫ్నాలో సైకియాట్రిస్టు దయా సోమసుందరం చాలా ఏళ్లుగా చెప్పే మాట, అక్కడ దెబ్బ తిన్నది ఒక్కో మనిషి మాత్రమే కాదు, కుటుంబం, ఊరు, ఒకరి మీద ఒకరికి ఉండే నమ్మకం మొత్తం. అందుకే అక్కడ వైద్యంలో ఊరి పెద్దలు, టీచర్లు, గుడిలో జరిగే కర్మలు కూడా భాగమయ్యాయి. చనిపోయినవాడికి తద్దినం పెట్టుకునే వీలు దొరకడమే కొందరికి మొదటి మందు.

ముందు గుడికి, తాయెత్తుకి తీసుకెళ్లాం. తప్పు చేశామా?

లేదు. శ్రీలంకలోనూ సింహళవాళ్లు దేవాలెకి వెళ్తారు, చేతబడి చేశారని పూజలు చేయిస్తారు, తమిళులు కోవిలకు వెళ్తారు. ఊరట దొరికితే మంచిదే. రెండు గీతలు మాత్రం దాటొద్దు: కొట్టడం, కట్టేయడం, పస్తు పెట్టడం ఉండకూడదు, డాక్టరు రాసిన మాత్రలు ఆపకూడదు. దండం పెట్టుకుని ఆసుపత్రికి వెళ్లండి, రెండూ ఒకే రోజు చేసుకోవచ్చు.

మొగుడు తాగి కొడతాడు, చచ్చిపోవాలనిపిస్తోంది. నాకు మానసిక రోగం ఉన్నట్టా?

మీకు రోగమని కాదు, మీ ఇంట్లో హింస ఉంది. శ్రీలంకలో జరిగిన అధ్యయనాలు ఈ విషయంలో గట్టిగా చెప్తున్నాయి, దెబ్బలు తినే ఆడవాళ్లలో ప్రాణం తీసుకునే ప్రయత్నాలు బాగా ఎక్కువ. అక్కడ కసిప్పు అని నాటుసారా ఉంటుంది, మన గుడుంబాకు అన్నదమ్ముడు. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో మితురు పియస అనే గదులుంటాయి, తమిళంలో నట్పు నిలయం అంటారు, గాయానికి కట్టు కట్టించుకోవడానికి వచ్చిన మనిషిని అక్కడ కూర్చోబెట్టి అడుగుతారు, దారి చూపిస్తారు. 1938 కి ఫోన్ కూడా చేయొచ్చు. మన దగ్గర దీనికి 181 ఉంది. ఇలాంటి కేసుల్లో నిద్రమాత్రలు రాసిచ్చి పంపేసే డాక్టర్ల మీద నాకు కోపం, మాత్ర వేసుకోవాల్సింది ఆవిడా?

పరీక్ష తప్పి చనిపోయాడని పేపర్లో వేస్తారు. నిజంగా అదేనా కారణం?

ఒక్కటే కారణం ఎప్పుడూ ఉండదు. శ్రీలంక పోలీసుల లెక్కల్లో వరసలుంటాయి: కుటుంబ తగాదాలు, ప్రేమ వ్యవహారం, దీర్ఘరోగం, మానసిక జబ్బు, డబ్బు ఇబ్బందులు. చనిపోయిన మనిషి జీవితమంతా అందులో ఒక గడిలో ఇరికిస్తారు. ఇంట్లోవాళ్లు ఆ దుఃఖంలో నోటికొచ్చింది చెప్తారు, అదే రికార్డు, మర్నాడు అదే హెడ్డింగు. అక్కడ అడ్వాన్స్‌డ్ లెవెల్ (ఏ-లెవెల్) పరీక్షకు, ఐదో తరగతి స్కాలర్‌షిప్ పరీక్షకు పిల్లల్ని పిండేస్తారు, ఇక్కడ ఇంటర్‌కి, నీట్‌కి. ఒత్తిడి నిజం. కానీ "ఫెయిలయ్యాడు, చనిపోయాడు" అని వరసగా రాస్తే, ఫెయిలైన ఇంకో పిల్లాడికి అదొక మామూలు దారిలా కనిపిస్తుంది. ఎలా చేసుకున్నాడు, ఎక్కడ, ఏం రాసి పెట్టాడు, ఇవి రాయకూడదు, వాట్సాప్‌లో ఫొటో అసలే పంపకూడదు. రాసేవాళ్లు చివర్లో ఒక సాయం నంబరు వేస్తే చాలు, ఆ జాగా ఉంటుంది, ప్రకటనలకు ఉంటుంది కదా.

మావాడు "నేను పోతే అందరికీ పీడ విరగడవుతుంది" అంటున్నాడు. ఏం మాట్లాడాలి?

ముందు తిట్టొద్దు, నవ్వొద్దు, "అలాంటి మాటలు మాట్లాడకు" అని నోరు మూయించొద్దు. "చస్తానన్నవాడు చావడు" అనే మాట పచ్చి అబద్ధం, చాలామంది ఏదో ఒక రూపంలో ముందే చెప్తారు. సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు, ఉన్నది బయటికొస్తుంది, అంతే.

"ఏరా తమ్ముడూ, ఈ మధ్య నీ మాటలు తేడాగా ఉన్నాయి. చచ్చిపోదామని అనిపిస్తోందా?"

"ఏం లేదులే అన్నా."

"లేకపోతే సంతోషం. ఉంటే మాత్రం నాకు చెప్పు, నేను తిట్టను, నాన్నకి చెప్పి రచ్చ చెయ్యను."

ఇక్కడ ఆగండి. మీరు ఆగడం చాలా ముఖ్యం, ఆ ఖాళీలో వాడు మాట్లాడాలి. "నీకేం తక్కువ", "పెళ్లాం పిల్లల్ని చూసుకో", "మా రోజుల్లో అయితే" ఇవి మొదలుపెట్టారా, మళ్లీ నోరు విప్పడు. అవునంటే ఇంకో ప్రశ్న అడగాలి, ఎలా అనుకున్నావు, ఎప్పుడు అని. జవాబు సిద్ధంగా ఉంటే ప్రమాదం దగ్గర్లో ఉన్నట్టు, ఆ రాత్రి ఒంటరిగా వదలకండి, వాడి ముందే 14416 కి ఫోన్ కలపండి, పొద్దున్నే ఆసుపత్రికి తీసుకెళ్లండి. పొద్దున్నకి నవ్వుతూ "ఏదో మాటవరసకన్నా" అన్నా సరే తీసుకెళ్లండి. "ఎవరికీ చెప్పనని ఒట్టెయ్" అంటే మాత్రం ఒట్టు వేయకండి, "నీ పరువు కాపాడతాను, నీ ప్రాణం విషయంలో మాత్రం ఇంకొకరి సాయం తీసుకుంటాను" అని చెప్పేయండి.

ప్రయత్నించి ఇంటికొచ్చినవాళ్లతో ఎలా ఉండాలి?

మొదటి కొన్ని వారాలు, నెలలు చాలా జాగ్రత్తగా ఉండాల్సిన కాలం. చుట్టాలు వరసకట్టి వచ్చి "ఎందుకిలా చేశావమ్మా" అని విచారణ పెట్టకుండా చూడండి. అపాయింట్‌మెంట్ రోజున తోడు వెళ్లండి. మధ్యమధ్య ఫోన్ చేసి "తిన్నావా" అని అడగండి, పెద్ద మాటలేం అక్కర్లేదు.

శ్రీలంకలో తెలుగువాళ్లకు తెలుగులో సాయం దొరుకుతుందా?

ఉద్యోగాలకు వెళ్లినవాళ్లు ఇంగ్లీషుతో నెట్టుకొస్తారు. కానీ అక్కడ మనవాళ్లు ఇంకొకరున్నారు, చాలామందికి తెలియదు: అహికుంటికులు. పాముల్ని ఆడించి, చెయ్యి చూసి జోస్యం చెప్పి ఊరూరూ తిరిగి బతికిన జాతి, ఇళ్లలో మాట్లాడేది తెలుగే. అనురాధపుర వైపు కుడాగమ లాంటి ఊళ్లలో స్థిరపడ్డారు. కొత్త తరానికి సింహళం, తమిళం బాగా వచ్చు కాబట్టి 1926 వాళ్లకీ పనికొస్తుంది. అవ్వలకు, తాతలకు గుండెలో బాధ చెప్పుకోవాలంటే మాత్రం ఇంట్లోవాళ్లే దుబాసీలు, ఇంట్లోవాళ్ల గురించే బాధైతే ఎవరికి చెప్తారు? ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

ఇంకో లంకె, ఇది సంతోషపడేది. శ్రీలంకలో 1990 అంబులెన్సు సేవ 2016లో భారత ప్రభుత్వ గ్రాంటుతో మొదలైంది, మొదట్లో దాన్ని నిలబెట్టింది మన దగ్గర 108 నడిపిన జీవీకే ఈఎమ్మారై. హైదరాబాదులో నేర్చుకున్న పని అక్కడ ప్రాణాలు నిలబెడుతోంది. అక్కడ నేర్చుకున్నది మనం తెచ్చుకోవడమే మిగిలింది.

మరి మన ప్రభుత్వాలు ఏం చేస్తున్నాయి?

కొంత చేశాయి. 2018లో కేంద్రం 18 పురుగుమందుల్ని విడతలుగా ఆపుతూ ఉత్తర్వు ఇచ్చింది, కేరళ అంతకుముందే 2011లో కొన్నిటిని ఆపేసింది. 2022 అక్టోబరు 10న టెలి మానస్ వచ్చింది, ఆ నవంబరులో జాతీయ ఆత్మహత్యల నివారణ వ్యూహం వచ్చింది, 2030 నాటికి పది శాతం తగ్గించాలని లక్ష్యం. దేశంలో 2022 ఒక్క ఏడాదే 1,70,924 మంది పోయారని జాతీయ నేర రికార్డుల లెక్క. పక్కన చిన్న దేశం డెబ్బై శాతం తగ్గించి చూపించాక మనం పది శాతం అని రాసుకోవడం నాకు మింగుడు పడదు.

మా ఇంట్లో డబ్బా ఉంది, మా నాన్న నెలనుంచి ముభావంగా ఉన్నారు. ఈ రోజే ఏం చెయ్యాలి?

తీసేయండి, ఇంట్లోంచే తీసేయండి. తాళం పెట్టెల వల్ల లాభం లేదన్నారు కదా అంటారేమో, అది ఊరందరి సగటు లెక్క, పైగా అక్కడ డబ్బా ఇంట్లోనే ఉంది. మీకు ఒక మనిషి మీద అనుమానం ఉంది కాబట్టి డబ్బా ఆ గడప లోపల ఉండకూడదు. మిగిలిన మందుని బాబాయి ఇంట్లోనో, నమ్మకమైన పక్క రైతు దగ్గరో ఉంచండి, సీలు తీయనిదైతే కొన్న షాపుకే తిరిగిచ్చేయండి. ఇక మీద పిచికారీకి ఎంత కావాలో అంతే, ఆ రోజుకే తెచ్చుకోండి. ఇంట్లో మిగిలిపోయిన మాత్రలు కూడా ఏరి పక్కన పెట్టండి. షాపతను తెలిసినవాడైతే "నాన్న వచ్చి అడిగితే ఇవ్వకుండా నాకు ఫోన్ చెయ్యన్నా" అని చెప్పి మీ నంబరు ఇచ్చి రండి, శ్రీలంకలో షాపులవాళ్లకి ఇదే శిక్షణ ఇచ్చి చూశారు. నాన్నకి తెలియకుండా దాచాలని లేదు, అడిగితే "మీ గురించి భయమేసింది నాన్నా, అందుకే తీసేశాను" అని చెప్పండి, ఆ మాటతోనే ఆయన మాట్లాడటం మొదలుపెట్టొచ్చు. సాయంత్రానికి 14416 కి మీరే చేయండి, బాధలో ఉన్నవాళ్లే చేయాలని లేదు, ఇంట్లోవాళ్లు చేసినా మాట్లాడతారు.